గేటు దగ్గర ఏం చూడాలి? ఏపీఐ వేదికకు సొంత పాలసీ రాసేవారికి

పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ చదువు ముగించి సాఫ్ట్‌వేర్ కొలువులో చేరిన వారికి మొదటి ఏడాదిలోనే ఎదురుకాగల పనుల్లో, ఏపీఐ మేనేజ్‌మెంట్ వేదికకు కస్టమ్ పాలసీ రాయడం ఒకటి. చూడటానికి అది వంద వరుసలు దాటని చిన్న పనే అయినా, సంస్థ లావాదేవీలన్నీ ఆ వంద వరుసల గుండానే పోతాయి కనుక అందులో దొర్లిన తప్పు ఒక్క అప్లికేషన్‌తో ఆగకుండా వెనుక ఉన్న సేవలన్నిటినీ తాకుతుంది. ఈ సంగతి తెలిసినందువల్లనే కొత్తవారు ఈ పని చేతికి రాగానే జంకుతారు. అంత జంకవలసిన పనేనా? కాదు. పాలసీలో నిజంగా కష్టమైన భాగం కోడు కాదు, కోడుకు ముందు తీసుకోవలసిన రెండు మూడు నిర్ణయాలు. వాటిని శ్రద్ధగా తీసుకోగలిగినవారు ఎవరైనా మంచి పాలసీ రాయగలరు.

ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌ను నిర్ణీత పద్ధతిలో సమాచారం అడిగి తీసుకునే ద్వారాన్ని ఏపీఐ అంటారు. సంస్థలో ఇలాంటి ద్వారాలు పదులకొద్దీ పెరిగినప్పుడు, అన్నిటికీ ముందు ఒకే గేటు నిలిపి, వచ్చిపోయే ప్రతి అభ్యర్థననూ అక్కడ తనిఖీ చేసే వ్యవస్థను గేట్‌వే అనీ, ఆ తనిఖీ నియమాల్లో ఒక్కొక్కదానిని పాలసీ అనీ పిలుస్తారు. హైదరాబాదు నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారిపై పోయేవారికి, వనపర్తి జిల్లాలోని కొత్తకోట చేరకముందే అడ్డాకుల మండలంలో వచ్చే శాఖాపూర్ టోల్ ప్లాజా ఇందుకు చక్కని పోలిక. అక్కడి యంత్రం లారీ అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను చదువుతుంది, ఆ ట్యాగు బ్లాక్‌లిస్టులో ఉందేమో చూస్తుంది, వాహన తరగతిని బట్టి రుసుము తీసుకుంటుంది, దాటిన సమయాన్ని నమోదు చేస్తుంది. లారీలో ఉన్నది వనపర్తి వేరుశనగా, వడ్లా, ఆ సరుకు ఏ మిల్లుకు చేరాలి అన్న విచారణ దాని పని కాదు. పాలసీ రాసేవారు చివరిదాకా గుర్తుంచుకోవలసిన హద్దు ఇదే.

హైదరాబాదులో ఉద్యోగం చేసేవారికి తరచుగా తగిలే వేదికలు నాలుగు. మైక్రోసాఫ్ట్ 2013లో ఎపిఫనీ అనే సంస్థను కొని రూపొందించిన అజూర్ ఏపీఐ మేనేజ్‌మెంట్ ఒకటి. 2016లో గూగుల్ కొన్న ఎపిజీ, 2018లో సేల్స్‌ఫోర్స్ కొన్న మ్యూల్‌సాఫ్ట్, 2015లో ఓపెన్ సోర్సుగా విడుదలైన కాంగ్ మిగతా మూడు. వీటిలో పాలసీ రాసే భాష వేర్వేరుగా ఉంటుంది. అజూర్‌లో ఎక్స్ఎంఎల్ మధ్య సీ షార్ప్ వాక్యాలు, ఎపిజీలో జావాస్క్రిప్ట్ లేదా జావా, మ్యూల్‌లో ఎక్స్ఎంఎల్ మూసతో పాటు వైఎఎంఎల్ నిర్వచనం, కాంగ్‌లో ప్రధానంగా లువా వాడుతారు. భాష ఏదైనా, కింద చెప్పే మెట్లు నాలుగింటికీ వర్తిస్తాయి.

1. రాయవలసిన అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోవాలి

కస్టమ్ పాలసీ అంటే వేదిక తయారీదారులు ఇచ్చిన పాలసీలు సరిపోనప్పుడు సంస్థ సొంతంగా రాసుకునేది. కీ సరిచూడటం, టోకెన్ పరిశీలించడం, నిమిషానికి ఇన్ని పిలుపులని పరిమితి పెట్టడం, ఐపీ చిరునామాను బట్టి అడ్డుకోవడం, హెడర్‌లు చేర్చడం లేదా తీసివేయడం వంటివి అన్ని వేదికల్లోనూ సిద్ధంగా దొరుకుతాయి. అయినా చాలామంది వాటినే మళ్లీ రాస్తారు. ఎందుకు? సిద్ధంగా ఉన్నదాని పేజీని చివరిదాకా చదవకపోవడమే ఎక్కువ సందర్భాల్లో కారణం.

ఎపిజీలో స్పైక్ అరెస్ట్, కోటా అని రెండు పాలసీలున్నాయి. మొదటిది ఒక్కసారిగా వచ్చిపడే తాకిడిని సర్దుతుంది, రెండవది ఒక ఖాతాదారుకు నిమిషానికో రోజుకో నెలకో ఇచ్చిన మొత్తాన్ని లెక్కిస్తుంది. నిమిషానికి 30 అని స్పైక్ అరెస్ట్‌లో రాస్తే, ఆ వేదిక దానిని మామూలుగా రెండు సెకన్లకు ఒకటి అనే అర్థంలో తీసుకుంటుంది కనుక, ఒకే సెకనులో ఐదు పిలుపులు పంపినవారికి తిరస్కరణ ఎదురవుతుంది. ఇది చూసి పాలసీ పనిచేయడం లేదని తీర్మానించుకుని, వారం రోజులు కూర్చొని సొంతంగా లెక్కపెట్టే యంత్రాంగం రాసుకున్నవారికి, కోటా పాలసీని తగిలిస్తే పది నిమిషాల్లో పని ముగిసేదని తరువాత తెలుస్తుంది.

సొంత పాలసీ తప్పదని తేలినప్పుడు, కోడు ముట్టకముందే ఒక వాక్యం రాసి పెట్టుకోవాలి. ఈ పాలసీ దేనిని ఆపుతుంది లేదా మారుస్తుంది, ఎవరి అవసరం కోసం, తానే చెడిపోయినప్పుడు గేటు తెరిచి ఉంటుందా మూసి ఉంటుందా అన్న మూడు సంగతులూ ఆ వాక్యంలో ఉండాలి. మూడవ భాగం రాయలేకపోతే పని ఇంకా మొదలు కానట్టే లెక్క.

2. గేటు పనిని గేటుకే పరిమితం చేయాలి

సొంత పాలసీల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, వ్యాపార నియమాలను తెచ్చి గేట్‌వేలో పెట్టడం. గేట్‌వేలో మార్పు చేయడం సులభం, బ్యాకెండ్ బృందాన్ని అడిగితే నెల పడుతుంది, కాబట్టి ఇక్కడే సర్దేద్దామనే ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. బ్యాకెండ్ అంటే గేటు వెనుక ఉండి అసలు పని చేసే సేవ. ఆ పనిలో ఒక ముక్కను గేటు దగ్గరికి తెచ్చినప్పుడు, అది అక్కడ ఉందన్న సంగతి రెండేళ్లకు ఎవరికీ గుర్తుండదు.

కొత్తకోట ప్రాంతపు రికార్డులే దీనికి మంచి ఉదాహరణ. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు పదినుంచి ముప్పై ఒకటి అయినప్పుడు కొత్తకోట మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి జిల్లాకు మారింది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి జిల్లాలు 33 అయ్యాయి. పాత దరఖాస్తుల్లో మహబూబ్‌నగర్ అని ఉన్నచోట వనపర్తి అని మార్చి పంపే పాలసీ ఒకటి గేట్‌వేలో రాసి పెట్టారనుకుందాం. జడ్చర్ల మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది, మక్తల్ ముందు మహబూబ్‌నగర్‌లోనే ఉండి తరువాత నారాయణపేటకు పోయింది. కాబట్టి మండలాన్ని బట్టి, తేదీని బట్టి మార్చవలసి వస్తుంది, ఆ పట్టిక మొత్తం పాలసీలోకి చేరుతుంది, ఏ మండలం గురించి ఫిర్యాదు వచ్చినా గేట్‌వే బృందమే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. పైగా ఇదే పేరుతో అనకాపల్లి జిల్లాలో మరొక కొత్తకోట ఉంది. ఊరు ఏ జిల్లాలో ఉన్నదో తేల్చవలసినది డేటాబేసు దగ్గర కూర్చున్న సేవ. గేటు చూడవలసినది ఆ గడి ఖాళీగా ఉందా లేదా అన్నంతవరకే.

వాహన సంఖ్యల సంగతీ ఇంతే. కొత్తకోట మీదుగా పోయే లారీలను గమనిస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి ఏపీ 22, రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన టీఎస్ 06, వనపర్తి జిల్లా అయ్యాక వచ్చిన టీఎస్ 32, 2024 మార్చి నుంచి ఇస్తున్న టీజీ 32 అన్నీ ఒకే గంటలో కనిపించవచ్చు. సొంత వాహనాలకు 2021 నుంచి అంకెలతో మొదలయ్యే బీహెచ్ సిరీస్ కూడా ఇస్తున్నారు. ఏపీ లేదా టీఎస్‌తో మొదలైన సంఖ్యలనే అనుమతించే తనిఖీని 2020లో ఒక రవాణా సంస్థ గేట్‌వేలో రాసి ఉంటే, 2024 మార్చి తరువాత తెలంగాణలో నమోదైన ప్రతి కొత్త లారీకీ 400 అనే తప్పు సంకేతం తిరిగి వచ్చి, డ్రైవర్ ఫోన్‌లో లోడు వివరాలు తెరుచుకోవు. అలాంటప్పుడు గేటు ఏం చూడాలి? సంఖ్య మరీ పొడవుగా లేదని, అందులో అక్షరాలూ అంకెలూ తప్ప మరేవీ లేవని చూసి వదిలితే చాలు. ఆ బండి ఉన్నదా, ఎవరిది అన్నది వెనుక సేవ చూసుకుంటుంది.

3. వరుసను, చోటును తెలుసుకోవాలి

పాలసీ సరిగ్గా రాసినా తప్పు చోట నిలబడితే పనిచేయదు. అజూర్‌లో ప్రతి పాలసీ పత్రం ఇన్‌బౌండ్, బ్యాకెండ్, అవుట్‌బౌండ్, ఆన్-ఎర్రర్ అని నాలుగు భాగాలుగా ఉంటుంది. వచ్చే అభ్యర్థన మీద జరగవలసినది మొదటి భాగంలో, తిరిగి పోయే జవాబు మీద జరగవలసినది మూడవ భాగంలో రాస్తారు. ప్రతి భాగంలోనూ బేస్ అనే చిన్న గుర్తు ఉంటుంది, దాని అర్థం పై స్థాయిలో పెట్టిన పాలసీలను ఇక్కడికి తెచ్చుకో అని. సొంత పాలసీ అతికించే హడావిడిలో ఆ ఒక్క గుర్తును చెరిపివేస్తే, సంస్థ మొత్తానికి పెట్టిన ఐపీ నిబంధన ఆ ఒక్క ఏపీఐకి వర్తించకుండా పోతుంది, అయినా ఎక్కడా తప్పు కనిపించదు.

పాలసీలను ప్లగిన్లని పిలిచే కాంగ్‌లో వరుసను ప్రయారిటీ అనే సంఖ్య నిర్ణయిస్తుంది, పెద్ద సంఖ్య ముందు నడుస్తుంది. కీ సరిచూసే కీ-ఆథ్ ప్లగిన్‌కు 1250, పరిమితి పెట్టే రేట్-లిమిటింగ్‌కు 910 ఉంటాయి. సొంత ప్లగిన్ ముఖ్యమైనదనే ఉద్దేశంతో దానికి 2000 ఇచ్చి, అందులో పిలిచినవారి పేరు అడిగితే ఖాళీ వస్తుంది, ఎందుకంటే ఆ పేరును తేల్చే కీ-ఆథ్ ఇంకా నడవనే లేదు. మ్యూల్‌లో ఎగ్జిక్యూట్-నెక్స్ట్ అనే వాక్యానికి పైన ఉన్నది అభ్యర్థన మీద, కింద ఉన్నది జవాబు మీద పనిచేస్తుంది. ఆ వాక్యం మరిచిపోతే అభ్యర్థన వెనుకకు చేరనే చేరదు.

4. ఒక పాలసీని మూడుసార్లు రాసి చూడటం

నేర్చుకోవడానికి ఒకే ఉదాహరణను లోతుగా పట్టుకోవడం మేలు. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం దరఖాస్తులు తీసుకునే సేవ ఒకటి ఉందని, దాని గేట్‌వే లాగ్‌లలో ఆధార్ సంఖ్యలు కనిపించకుండా చేసే పాలసీ రాయవలసి వచ్చిందని అనుకుందాం. లాగ్ అంటే జరిగిన ప్రతి పిలుపు వివరాన్నీ రాసి ఉంచే దినచర్య పుస్తకం వంటి ఫైలు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక ఈ జాగ్రత్త ప్రతి సంస్థకూ ముఖ్యమైంది, అయితే చట్టం లేకపోయినా చేయవలసిన పనే. ఒక రైతు ఆధార్ సంఖ్య తప్పులు వెతికే ఇంజనీరు తెరమీద కనబడవలసిన కారణం ఏదీ లేదు.

మొదటి ప్రయత్నంలో దాదాపు అందరూ పన్నెండు అంకెలు వరుసగా ఎక్కడ కనిపించినా చివరి నాలుగు తప్ప మిగతావి చుక్కలుగా మార్చేలా రాస్తారు. యూపీఐ చెల్లింపు రిఫరెన్సు సంఖ్య కూడా పన్నెండు అంకెలే అన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. రుసుము కట్టినా రసీదు రాలేదని దరఖాస్తుదారు ఫిర్యాదు చేసిననాడు, ఆ చెల్లింపును వెతకడానికి కావలసిన సంఖ్యే లాగ్‌లో చుక్కలై ఉంటుంది.

రెండవ ప్రయత్నంలో ఆధార్ నిర్మాణాన్ని ఉపయోగించుకోవచ్చు. ఆధార్ సంఖ్య 0తో గాని 1తో గాని మొదలు కాదు; దాని చివరి అంకె ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్కకట్టినది, ఆ లెక్కకు డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రచురించిన పద్ధతిని వాడారు. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టిస్తుంది. అయితే తనిఖీ అంకె ఒక్కటే కనుక సంబంధం లేని సంఖ్యల్లోనూ పదింట ఒకటి ఆ పరీక్ష నెగ్గుతుంది, అంటే చెల్లింపు సంఖ్యల్లో కొన్ని ఇంకా చెరిగిపోతూనే ఉంటాయి.

మూడవ ప్రయత్నమే సరైనది. సంఖ్య ఎలా ఉందన్నది కాకుండా ఏ గడిలో ఉందన్నది చూడాలి. ఆధార్ గడి పేరును పాలసీకి పారామీటరుగా, అంటే బయటనుంచి మార్చుకోగల విలువగా ఇచ్చి, ఆ గడిని తప్పకుండా కప్పివేయాలి. ప్రజలు స్వేచ్ఛగా రాసే వివరణ గడుల్లో మాత్రమే వెర్‌హూఫ్ పరీక్షను వాడాలి, అక్కడ కూడా నాలుగేసి అంకెల మధ్య ఖాళీ వదిలి రాసేవారిని మరిచిపోకూడదు. కప్పవలసింది లాగ్‌కు పోయే నకలులోనే, వెనుక సేవకు పోయే అసలు అభ్యర్థనలో కాదు. ఈ తేడా తప్పితే ధ్రువపత్రాలన్నీ చుక్కలతో తయారవుతాయి. ఆథరైజేషన్ హెడర్‌లో ఉండే టోకెన్‌ను కూడా లాగ్ నుంచి తొలగించాలి, ఎందుకంటే ఆధార్ మీద దృష్టి పెట్టినవారు తాళంచెవినే బయట వదిలిపెట్టే సందర్భాలు ఎక్కువ.

5. తెలుగు అక్షరాలను మనసులో పెట్టుకుని రాయాలి

ఆంగ్ల ఉదాహరణలతోనే పరీక్షించిన పాలసీ తెలుగు పేరు రాగానే తడబడుతుంది. కొత్తకోట అన్న పేరు చదివేవారికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున ఇరవై నాలుగు బైట్లు. ఊరి పేరు ఇరవై బైట్లకు మించకూడదని రాసిన పాలసీ ఈ నాలుగక్షరాల ఊరిని తిప్పి పంపుతుంది. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, పోల్చి చూసే కోడుకు వేర్వేరు. అందుకే పోల్చడానికి ముందు నార్మలైజ్ చేయాలి, అంటే రెండిటినీ ఒకే రూపానికి తేవాలి. కాంగ్‌లో జవాబును మార్చే బాడీ-ఫిల్టర్ దశ ఒక్క జవాబుకు పలుమార్లు, ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. ఆ ముక్క ఒక తెలుగు సంకేతం మధ్యలో తెగవచ్చు కనుక అన్ని ముక్కలూ చేరేదాకా ఆగి, తరువాతే మార్చాలి.

6. పాలసీయే చెడిపోతే ఏమవుతుందో ముందే నిర్ణయించాలి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోవాలి. పాలసీ లోపల బయటి సేవను పిలిచారు, ఆ సేవ పలకలేదు, అప్పుడు వచ్చిన అభ్యర్థనను ఏం చేయాలి? వదిలేయడాన్ని ఫెయిల్-ఓపెన్ అనీ, ఆపేయడాన్ని ఫెయిల్-క్లోజ్డ్ అనీ అంటారు. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎలాగూ జరుగుతుంది. రాసేవారు ఎంచుకోకపోతే వేదిక తన అలవాటు ప్రకారం ఎంచుకుంటుంది. కాంగ్ రేట్-లిమిటింగ్‌లో ఫాల్ట్-టాలరెంట్ అనే అమరిక మామూలుగా అవును అనే ఉంటుంది, కాబట్టి లెక్కలు దాచే రెడిస్ అందకపోతే పరిమితి లేకుండా అందరినీ వదిలేస్తుంది. ఎపిజీలో కంటిన్యూ-ఆన్-ఎర్రర్ మామూలుగా కాదు అని ఉంటుంది, కనుక పాలసీ విఫలమైతే అభ్యర్థన అక్కడే ఆగుతుంది. అజూర్‌లో బయటి సేవను పిలిచే సెండ్-రిక్వెస్ట్‌కు గడువు రాయకపోతే 60 సెకన్లు ఎదురుచూస్తుంది. రద్దీ వేళ ఆ అరవై సెకన్లలో పోగయ్యే అభ్యర్థనలు గేట్‌వేను కుంగదీయగలవు.

ఇలాంటి నిర్ణయం ముందుగా రాసిపెట్టడం ఎలా ఉంటుందో జాతీయ రహదారుల రుసుము నియమాలకు 2018లో చేసిన సవరణ చూపుతుంది. ఫాస్టాగ్ సరిగ్గా ఉండి, ఖాతాలో డబ్బు చాలినంత ఉండి, ప్లాజాలోని యంత్రమే పనిచేయకపోతే, ఆ వాహనాన్ని రుసుము లేకుండా వదిలిపెట్టి సున్నా రసీదు తప్పనిసరిగా ఇవ్వాలని ఆ సవరణ చెబుతుంది. ఇందులో మూడు మంచి గుణాలున్నాయి. తప్పు ఎవరిదో విడదీసింది, నష్టం ఎవరు భరించాలో చెప్పింది, వదిలేసిన సంగతికి కాగితం మిగలాలన్నది. పాలసీ రాసేవారికి ఈ మూడవ గుణమే తరచుగా తప్పిపోతుంది. ఫెయిల్-ఓపెన్ ఎంచుకున్నప్పుడు తనిఖీ లేకుండా పోయిన ప్రతి అభ్యర్థననూ లాగ్‌లో గుర్తుపెట్టి ఉంచాలి.

ఏ పాలసీకి ఏది తగినది? గుర్తింపు, అనుమతి తేల్చేవి మూసుకోవాలి, 503 అనే సంకేతంతో సేవ తాత్కాలికంగా అందడం లేదని చెప్పాలి. అక్కడ 401 పంపితే మీరెవరో తెలియదని అర్థం కనుక, తప్పు లేని మనిషి పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చుంటాడు. లెక్కలు రాసేవి, లాగ్ పంపేవి తెరుచుకోవాలి. పరిమితులు పెట్టేవి మధ్యలో ఉంటాయి. వెనుక సేవ తాకిడి తట్టుకోలేనిదైతే మూసుకోవడమే మంచిది, తట్టుకోగలిగినదైతే తెరవవచ్చు. ఈ నిర్ణయం డెవలపర్ ఒంటరిగా తీసుకోకుండా ఆ ఏపీఐ యజమానితో మాట్లాడి తీసుకోవాలి. పరిమితి దాటినవారికి 429తో పాటు, ఎంతసేపటి తరువాత రావాలో చెప్పే రిట్రై-ఆఫ్టర్ హెడర్ పంపితే, అవతలి ప్రోగ్రాము పదేపదే తలుపు తట్టకుండా ఆగుతుంది.

7. విడుదల చేసే ముందు

మారే విలువలేవీ కోడులో ఉండకూడదు. అజూర్‌లో నేమ్డ్ వాల్యూస్, ఎపిజీలో కీ-వాల్యూ మ్యాప్‌లు, కాంగ్‌లో స్కీమా ఫైలు, మ్యూల్‌లో వైఎఎంఎల్ నిర్వచనం అందుకే ఉన్నాయి. ఒక పాలసీ ఒకే పని చేయాలి. రెండు పనులు చేస్తున్నదని తోచిన వెంటనే రెండుగా విడదీయడం వల్ల పరీక్ష సులభమవుతుంది. పరీక్షలో సరైన అభ్యర్థన, తప్పు అభ్యర్థన, ఖాళీ అభ్యర్థన, తెలుగు పేరున్న అభ్యర్థన, బయటి సేవను ఆపివేసిన స్థితి, కనీసం ఈ ఐదూ ఉండాలి. కాంగ్‌కు పోంగో అనే పరీక్షా సాధనం ఉంది, అది మామూలు లాప్‌టాప్ మీద డాకర్‌తో నడుస్తుంది కనుక, కొత్తకోటలో ఇంటి దగ్గర ఉండి నేర్చుకునేవారికి కూడా సొంత ప్లగిన్ రాసి పరీక్షించడం సాధ్యమే.

కొత్త పాలసీని మొదట అన్నిటికంటే తక్కువ వాడుకలో ఉన్న ఏపీఐకి తగిలించి, అక్కడ కూడా ఆపకుండా ‘దీనిని ఆపి ఉండేదాన్ని’ అని మాత్రమే లాగ్‌లో రాసే రీతిలో కొన్ని రోజులు నడపాలి. ఆ లాగ్ చదివినప్పుడు ఆపకూడని అభ్యర్థనలు ఎన్ని దొరికితే, అన్ని ఫిర్యాదులు తప్పినట్టే. ఆ తరువాతే నిజంగా ఆపడం మొదలుపెట్టాలి. పాలసీని తొలగించే ఆదేశాన్ని కూడా విడుదల పత్రంలోనే రాసి, రాత్రి డ్యూటీలో ఉండేవారి చేత విడుదలకు ముందే ఒకసారి నడిపించి చూడాలి.